బడి ప్రేమకథల్లో కనిపించని బడి

ఫోన్లలో సీరియల్‌గా వచ్చే బడి ప్రేమకథల గురించి మన సంఘాల్లో రెండు మాటలు వినిపిస్తున్నాయి. పిల్లలు చెడిపోతున్నారు, ఫోన్లు లాక్కోవాలన్నది ఒకటి. సరదా కథలే కదా, వదిలేయమన్నది రెండోది. బల్మూర్ లాంటి మండలాల్లో ఆడపిల్లల మధ్య పనిచేసేవాళ్లకు ఈ రెండు మాటలూ చాలవని నా అభిప్రాయం.

ఈ కథల వరస మనకు తెలిసిందే. కొత్తగా చేరిన అమ్మాయి, మొదటిరోజే ఆమెతో తగువు పెట్టుకునే పొగరుబోతు అబ్బాయి, వెనక బెంచీ అల్లరి, వానలో ఒకే గొడుగు, వార్షికోత్సవం నాడు ప్రేమ ప్రకటన. పది భాగాలు చదివితే పదకొండోది మనమే చెప్పేయవచ్చు. అయినా పిల్లలు ఎదురుచూసి మరీ చదువుతారు. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' 1960లలో పత్రికలో వచ్చినప్పుడు మన అమ్మలూ, అమ్మమ్మలూ అలాగే చదివారు. ఆనాడూ పెద్దలు కోప్పడ్డారు.

ఈ ఆకర్షణను తేలిగ్గా తీసెయ్యకూడదు. పాలమూరు వలసల ప్రాంతం. తల్లిదండ్రులు పనికోసం పోతే తమ్ముళ్ల బాధ్యత, నీళ్లు, వంట ఆడపిల్ల మీదే పడతాయి. ఆమె గట్టిగా నవ్వగలిగే చోటు బడి ఒక్కటే. నీకేం ఇష్టమని ఇంట్లో ఎవరూ అడగరు. కథలో మాత్రం ఒక అమ్మాయి ఇష్టం చుట్టూ పేజీలకు పేజీలు నడుస్తాయి. తన మనసుకు విలువ ఉండాలనుకోవడం తప్పెలా అవుతుంది?

అయితే ఆ కథలు ఆమెకు చెప్పకుండా దాచేవి చాలా ఉన్నాయి. వద్దన్న అమ్మాయి వెంట నెలల తరబడి తిరిగేవాడే వాటిలో హీరో. ఆమె 'వద్దు' చివరికి 'సరే' అయి తీరుతుంది. వెంటపడి వేధించడం 2013 నుంచి మన చట్టంలో నేరం. 2008లో వరంగల్‌లో ప్రేమ పేరుతో వెంటపడినవాడు ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ దాడికి పాల్పడ్డాడు. 'వద్దు'ను లెక్కచేయనితనం ఎక్కడిదాకా పోతుందో ఆనాడే చూశాం.

ఈ కథల్లో కులం ఉండదు. ఇంటిపేర్లు కూడా అంతగా వినపడవు. కానీ బడిలో మొదలైన పరిచయాన్ని ఊరు కులంతోనే కొలుస్తుంది. మిర్యాలగూడలో ప్రణయ్, అమృతలది చదువుకునే రోజుల నాటి స్నేహమే. 2018 సెప్టెంబరులో ప్రణయ్‌ను చంపించింది అమ్మాయి తండ్రే. ఆ కేసులో 2025లో శిక్షలు పడ్డాయి.

ఇక చట్టం. 2012 నాటి పోక్సో చట్టం కింద పద్దెనిమిదేళ్లు నిండనివారి అంగీకారానికి విలువ లేదు. ఇద్దరూ ఇష్టపడి వెళ్లినా అబ్బాయి మీద కేసు పడుతుంది, అమ్మాయి వసతి గృహానికో, తిరిగి ఆ ఇంటికో చేరుతుంది. ప్రేమకథ ముగిశాక మొదలయ్యే ఈ కథను ఏ సీరియలూ రాయడం లేదు.

ఫోను లాక్కుంటే ఇవేవీ ఆగవు. మన దగ్గర 'ప్రేమ' అన్న అనుమానం వస్తే చాలు, చదువు మానిపించి పెళ్లి చేస్తారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 20-24 ఏళ్ల స్త్రీలలో నూటికి 23 మందికి పైగా పద్దెనిమిది నిండకుండానే పెళ్లయినవాళ్లు. పిల్లల చేతిలో కథ చూసి మనం గగ్గోలు పెడితే ఆ పెళ్లిళ్లకు మనమే సాకు అందించినవాళ్లమవుతాం.

కథకున్న బలం మన ఉద్యమానికి తెలియనిది కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత వాచకంలోని సీతమ్మ కథ చదివిన ఆడవాళ్లే సారా దుకాణం మూయించారు. ఆ పోరాటం 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం దాకా వెళ్లింది.

అందుకే మిత్రులకు నా సూచన ఇది. హాస్టళ్లలో, కస్తూర్బా విద్యాలయాల్లో పిల్లలతో కూర్చుని ఈ కథలనే చదవండి. వాళ్లతో పాటు నవ్వండి. తర్వాత అడగండి: ఆ అమ్మాయి వద్దన్నప్పుడు అతను ఆగాడా? ఆమెది ఏ వాడ? పదో తరగతి తర్వాత ఆమె ఏమైంది? జవాబులను వాళ్లనే రాయమనండి. బల్మూర్ నుంచి అచ్చంపేట బస్సెక్కి కాలేజీకి పోయే అమ్మాయి తన బడి కథ తానే రాస్తే, అందులో సరదా ఉంటుంది, కులం ఉంటుంది, వలస ఉంటుంది. ఆమె 'వద్దు'కు విలువా ఉంటుంది.