మా ఫియట్‌కి తల దొరికింది

"భోగిలోపు దాని కాళ్ల మీద అది బయటికొస్తే ఉంచుదాం. లేదంటే పాత ఇనుము వాడికి ఫోన్ చేస్తా."

గతేడాది జూన్‌లో మా నాన్న పెట్టిన డెడ్‌లైన్ ఇది. ఆఫీసులో డెడ్‌లైన్‌ని ఎలాగోలా ముందుకు జరుపుకోవచ్చు. నాన్న దగ్గర ఆ పప్పులుడకవు. పండగ కాగానే తెనాలిలో మా పాత ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ కడతారు. ఇంటితో పాటు షెడ్డూ పోతుంది. ఆ షెడ్డులో పద్దెనిమిదేళ్లుగా పట్టా కప్పుకుని నిద్రపోతున్నది మా తాతయ్య కారు.

ఆర్‌సీలో 'ప్రీమియర్ పద్మిని, 1977' అని ఉంటుంది. ఊళ్లో మాత్రం అది 'డాక్టరు గారి ఫియట్'. ఆ పిలుపూ తప్పేం కాదు. ఇటలీ ఫియట్ 1100డి మోడల్‌నే ముంబై కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్లు 1964 నుంచి ఇక్కడ తయారు చేశారు. పద్మిని అనే పేరు 1974లో వచ్చింది. 1089 సీసీ ఇంజన్, నాలుగు గేర్లు, గేర్ రాడ్ స్టీరింగ్ పక్కనే. అప్పట్లో బుక్ చేసుకుని ఏళ్ల తరబడి కారు కోసం ఎదురుచూసేవాళ్లట. ఇప్పుడు మనం పార్టుల కోసం చూస్తున్నాం, అంతే తేడా.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక మేస్త్రి ఉన్నారు. అరవై దాటాయి, అందరూ భాయ్ అంటారు. ఆదివారాలు ఆయన తెనాలి వస్తే, నేను శనివారం రాత్రి హైదరాబాద్‌లో బయల్దేరి వచ్చేవాణ్ని. మొదటిరోజు ఆయన బానెట్ ఎత్తి, స్పార్క్ ప్లగ్గుల రంధ్రాల్లో నూనె పోసి, గంట తర్వాత హ్యాండిల్ పెట్టి తిప్పారు. ఇంజన్ తిరిగింది! నాన్న మొహంలో కొంచెం నిరాశ కనిపించిందని నా అనుమానం.

మొదట్లో అన్నీ దొరుకుతుంటే నాకే ఆశ్చర్యమేసింది. బ్రేక్ సిలిండర్ కిట్లు, క్లచ్ ప్లేటు, వాటర్ పంపు. ఎందుకు దొరుకుతున్నాయో ఒక షాపాయన చెప్పాడు: "అంతా బొంబాయి టాక్సీల పుణ్యం బాబూ. అవి తిరిగినన్నాళ్లూ సరుకొచ్చింది. ఇప్పుడున్నది మిగిలిన స్టాకే." నిజమే. ముంబైలో చివరి పద్మిని టాక్సీ రిజిస్టర్ అయింది 2003 అక్టోబర్‌లో. టాక్సీకి ఇరవై ఏళ్లే గడువు కాబట్టి 2023 అక్టోబర్ 30 నుంచి అవి రోడ్డు మీద లేవు. మా ప్రొడక్ట్‌కి యూజర్లు పోతే సపోర్ట్ ఆపేస్తాం కదా, అదే కథ. కాకపోతే ఇక్కడ సపోర్ట్ ఇస్తున్నది కంపెనీ కాదు, టాక్సీవాలాలు.

స్టాకులో లేని మొదటి వస్తువు గేర్ లింకేజీలో ఉండే బుష్. బొటనవేలంత ఉంటుంది. అది అరిగిపోతే గేర్ రాడ్ గాలిలో గరిటె తిప్పినట్టు తిరుగుతుంది. ఇక్కడే నాలోని ఇంజినీరు నిద్రలేచాడు. వెర్నియర్‌తో కొలిచి, ఫ్రెండ్ దగ్గరున్న త్రీడీ ప్రింటర్‌లో పీఎల్ఏ ప్లాస్టిక్‌తో ప్రింట్ చేసి, గర్వంగా తెచ్చి బిగించాను. పీఎల్ఏ అరవై డిగ్రీలకే మెత్తబడుతుంది. ఇంజన్ పక్కన అంత వేడి ఓ లెక్కా? ఇంజన్ ఇంకా స్టార్ట్ కాకముందే భాయ్ దాన్ని మరిగే నీళ్ల గ్లాసులో వేసి తీసి, వేళ్లతో నొక్కి చూపించారు. చక్కిలంలా వంగింది. ఆయనేం అనలేదు. ఆటోనగర్‌లో లేత్ పనివాడి దగ్గరికి తీసుకెళ్లి నైలాన్ రాడ్ నుంచి ఆరు తీయించారు. "రెండు చాలు కదా" అంటే, "మిగిలినవి ఎవరికో పనికొస్తయ్" అన్నారు.

అసలు దెబ్బ అక్టోబర్‌లో తగిలింది. ఈ ఇంజన్‌కి బ్లాకు కాస్ట్ ఐరన్, పైన హెడ్ అల్యూమినియం. రేడియేటర్‌లో కూలెంట్ బదులు మామూలు నీళ్లు పోసి ఏళ్లపాటు వదిలేస్తే అల్యూమినియాన్ని తుప్పు తినేస్తుంది. హెడ్ విప్పి చూస్తే నీటి దారుల చుట్టూ చెదలు పట్టిన తలుపులా ఉంది. రెండుసార్లు ఆర్గాన్ వెల్డింగ్ చేయించాం. రెండుసార్లూ కారింది.

"మారుతీ ఇంజన్ పెట్టేయ్" అన్నారు అందరూ. తేలికైన పనే. కానీ 2021లో వచ్చిన వింటేజ్ రూల్ ప్రకారం యాభై ఏళ్లు నిండిన వాహనం అసలు రూపంలో ఉంటేనే 'వీఏ' సిరీస్ నంబర్ ఇస్తారు. ఇంజన్ మారిస్తే అది వింటేజ్ కాదు. మా కారుకి 2027లో యాభై నిండుతాయి. రూల్ సంగతి సరే, వేరే ఇంజన్ శబ్దం వస్తే అది తాతయ్య కారు ఎలా అవుతుంది?

అప్పుడే తెలిసింది, మచిలీపట్నంలో ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు తన పద్మిని నలభై ఐదు వేలకు అమ్ముతున్నారని. ప్లాన్ సింపుల్: కారు కొనడం, హెడ్ తీసుకోవడం, మిగతాది ఇనుముకి వేయడం. మాస్టారు కాఫీ ఇచ్చి, కారులో కోనేరు సెంటర్ దాకా తిప్పారు. గేర్ మార్చినప్పుడల్లా రాడ్ గిలగిలా కొట్టుకుంటోంది. కానీ ఇంజన్ కుట్టు మిషన్‌లా నడుస్తోంది.

"ఏం చేస్తావు బాబూ దీన్ని?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. నిజం చెప్పేశాను.

"నీకు రెండు కార్లున్నాయి, ఒకటి నడుస్తుంది. దీని తల తీసి దానికి పెట్టినా నడిచేది ఒకటే. మరి ఏం సాధించినట్టు?" అన్నారు. "నడుపుతానంటే ఇస్తా. కోస్తానంటే ఇవ్వను."

తిరుగు బస్సులో 'సరే సార్, నడుపుతాను' అని మెసేజ్ టైప్ చేశాను కూడా. ఆయనకెలా తెలుస్తుంది? తెనాలి వచ్చేదాకా ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. పంపలేదు. మంచితనం అనుకోకండి. కోనేరు సెంటర్‌లో కారు ఆపగానే ఆయన డ్యాష్‌బోర్డ్ మీద చెయ్యి వేసి రెండుసార్లు తట్టారు. తాతయ్య కూడా అలాగే తట్టేవారు. దాన్ని విప్పడానికి నాకు చేతులు రావనిపించింది.

తర్వాత నెలన్నర ఫోన్లతోనే గడిచింది. ఆటోనగర్ షాపాయన చెన్నై పుదుప్పేటలో ఒకరి నంబర్ ఇచ్చాడు, ఆయన ముంబైలో ఇంకొకరిది ఇచ్చాడు. చివరికి తేలింది ఒక మాజీ టాక్సీ డ్రైవర్ దగ్గర. బండి అమ్మేశాక కూడా స్పేర్ హెడ్‌ని అటక మీద దాచుకున్నాడు. ఎందుకు దాచారని నా వచ్చీరాని హిందీలో అడిగితే నవ్వాడు. ముక్కూమొహం తెలియని మనిషికి ఏడున్నర వేలు యూపీఐ చేసి వారం రోజులు నిద్రపోలేదు. గోనెసంచిలో, మసి కూడా తుడవకుండా, డిసెంబర్ చివర్లో వచ్చింది. ఫేసింగ్ చేయించి, వాల్వులు కూర్చోబెట్టి, కొత్త గ్యాస్కెట్‌తో బిగించాం.

భోగికి రెండు రోజుల ముందు భాయ్ పెట్రోల్ పోశారు. పది నిమిషాల్లో ఫ్యూయల్ పంపు కారింది. పాత రబ్బరు డయాఫ్రం, ఈ20 పెట్రోల్. ఈ ఇద్దరికీ పడదు. అది మార్చేసరికి చీకటి పడింది. నేను సీట్లో కూర్చోబోతుంటే నాన్న "జరుగు" అన్నారు. చోక్ ఎంత లాగాలో, యాక్సిలరేటర్ ఎప్పుడు వదలాలో ఆయన కాళ్లకీ చేతులకీ ఇంకా గుర్తుంది. నాలుగోసారికి పొగ, ఆ తర్వాత శబ్దం. నాన్న అటూ ఇటూ చూడకుండా గేర్ వేసి గేటు దాటించారు. వీధి చివరిదాకా వెళ్లి అరగంటకి గానీ రాలేదు. నేనైతే కారు ఆగిపోయిందేమోనని టార్చి పట్టుకుని బయల్దేరాను.

ఆ శబ్దం రికార్డ్ చేసి మాస్టారికి పంపాను. టాపెట్లు కొంచెం మోగుతున్నాయని రిప్లై వచ్చింది. లేత్ మీద తీయించిన బుష్‌లలో రెండు ఆయనకి కొరియర్ చేశాను. ఇప్పుడు గేర్లు బాగా పడుతున్నాయట, కారు అమ్మే ఆలోచన మానుకున్నారట. ఆయనకి ఎడమ వైపు వెనక లైటు అద్దం కావాలి. పగలనిది. మీ ఊళ్లో ఏ షెడ్డులోనైనా కనిపిస్తే చెప్పండి. కానీ నడిచే కారు నుంచి మాత్రం వద్దు, ఆయన ఒప్పుకోరు.