నగరంలో ఎక్కడ తిందాం?



గత మాసం ప్రకాశం జిల్లా నుండి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం ఇంకా నా బల్లమీదనే ఉన్నది. ఆమె భర్త బట్టల వ్యాపారి. సరుకు కొనుగోలుకై రెండు నెలలకొకసారి హైదరాబాదు వెళ్ళివస్తారు. వచ్చిన ప్రతిసారీ అక్కడి నహారీ గురించి, బిర్యానీ గురించి, ఇరానీ చాయ్ గురించి పిల్లలకు ఊరిస్తూ చెబుతారు. ఈసారి వేసవి సెలవులలో అందరినీ వెంట తీసుకువెళ్తానన్నారట. పరదా పాటించే స్త్రీలు కూర్చుని తినదగిన హలాల్ హోటళ్ళు ఆ మహానగరంలో ఉన్నాయా, లేనట్లయితే ఇంటినుండే రొట్టెలు కట్టుకుని వెళ్తామని ఆ సోదరి వ్రాశారు.

ప్రశ్న చిన్నదే. ఇటువంటి వాటికి రెండు మూడు వాక్యాలలో జవాబు వ్రాసి తరువాతి ఉత్తరం అందుకోవడం నాకు అలవాటు. కాని ఈ ఉత్తరం చదివాక జవాబుకన్నా ముందు సిగ్గు కలిగింది. అందుకు కారణం చెప్పుకోవలసి ఉన్నది.

పద్నాలుగేళ్ళ వయసులో నేను హైదరాబాదులోని ఒక మదరసాలో చేరాను. ఎనిమిదేళ్ళు అక్కడే చదువుకున్నాను. శుక్రవారం సెలవు గనుక గురువారం అస్ర్ నమాజు తరువాత మాకు స్వేచ్ఛ. మక్కా మసీదు ప్రక్కన నిలబడి ఒక చాయ్ ఇద్దరం పంచుకుని త్రాగేవాళ్ళం. చేతిలో డబ్బు ఉన్ననాడు ఉస్మానియా బిస్కట్టు కూడా. ఎవరి ఇంటినుండైనా మనియార్డరు వస్తే మరునాడు ఫజ్ర్ తరువాత నహారీ. తరువాత కర్నూలు వచ్చి బోధనలో స్థిరపడ్డాను, వివాహం జరిగింది. ఏటా ఒకటి రెండుసార్లు కితాబుల కోసం చార్మినారు ప్రాంతానికి వెళ్ళేవాణ్ణి. పాత మిత్రులతో కలిసి పాత చోట్లనే తినేవాణ్ణి. ఇంటికి మాత్రం బిర్యానీ పార్సిల్ తెచ్చేవాణ్ణి. కాచిగూడలో రైలెక్కి కర్నూలులో దిగేసరికి అది చల్లబడి, మెతుకు గట్టిపడి, నెయ్యి పేరుకుని ఉండేది. మా ఇంటావిడ దానిని మళ్ళీ దమ్ముకు పెట్టి, మా అమ్మకు, పిల్లలకు, పొరుగింటికి పంచి, గిన్నె అడుగున మిగిలినది తాను తినేది. ఇరవై రెండేళ్ళు ఇదే తీరు. ఇందులో లోపమున్నదని నాకు ఒక్కనాడూ తోచలేదు.

తోచినది పాఠం చెబుతుండగా. సహీహ్ ముస్లింలో పానీయాల గ్రంథమని ఒక భాగమున్నది. అందులో హజ్రత్ అనస్ (రజి) తెలిపిన ఒక సంఘటన వస్తుంది. మదీనాలో దైవప్రవక్త (స) వారికి ఒక పర్షియా దేశపు పొరుగువాడు ఉండేవాడు. మాంసపు రసం వండటంలో అతడు నేర్పరి. ఒకనాడు వండి, ప్రవక్త (స) వారిని పిలవడానికి వచ్చాడు. వారు హజ్రత్ ఆయిషా (రజి) వైపు చూపి, మరి ఈమె సంగతి ఏమిటని అడిగారు. అతడు కాదన్నాడు. అయితే నేనూ రానన్నారు. అతడు రెండవసారి వచ్చాడు. అదే ప్రశ్న, అదే జవాబు. మూడవసారి అతడు సరేనన్న తరువాతనే ఇరువురూ ఒకరి వెనుక ఒకరు నడుచుకుంటూ అతని ఇంటికి వెళ్ళారు. ఆ హదీసులో రసానికి వాడిన అరబీ పదం ‘మరఖ్’. హైదరాబాదు పెళ్ళివిందులలో మొట్టమొదట గిన్నెలలో పోసే ‘మరగ్’ ఆ మాటే.

ఆ రోజు ఒక విద్యార్థి లేచి, విందుకు పిలిచినప్పుడు వెళ్ళడం సున్నత్ కదా, మరి ప్రవక్త (స) రెండుసార్లు ఎందుకు కాదన్నారని అడిగాడు. హజ్రత్ ఆయిషా (రజి) కూడా ఆకలితో ఉండవచ్చునని, ఆమెను విడిచి తాము తినడం వారికి ఇష్టం లేకపోయిందని వ్యాఖ్యాతలు చెప్పిన సంగతి వివరించాను. ఆ హదీసు అంతకుముందు ఎన్నిసార్లు బోధించి ఉంటానో లెక్కలేదు. ఆ రాత్రి భోజనానికి కూర్చున్నప్పుడు మాత్రం నా పళ్ళెం వైపు చూడలేకపోయాను. మరుసటి నెలలో ఆమెను, మా చిన్నమ్మాయిని వెంటబెట్టుకుని రైలెక్కాను.

మొదటి అనుభవం చేదుగా ముగిసింది. విద్యార్థి దశనుండి నేను ఎరిగిన ఒక హోటలుకు గర్వంగా తీసుకువెళ్ళాను. లోపల అడుగుపెట్టగానే బల్లల వద్ద ఉన్న మగవారంతా తల ఎత్తి చూశారు. గల్లావద్ద కూర్చున్నవాడు, ఆడవాళ్ళకు పైన ఉన్నదని వేలు చూపించాడు. పైకి వెళితే ఆ గదిలో బియ్యం బస్తాలు, ఖాళీ సీసాల పెట్టెలు ఉన్నాయి. ఒక మూల దుమ్ముపట్టిన బల్ల. బయట గోడమీద ‘ఫ్యామిలీ రూమ్’ అని పెద్ద అక్షరాలు. మేము మెట్లు దిగుతుండగా మా ఇంటావిడ, పోనీయండి, పార్సిల్ కట్టించుకుని బసకు వెళ్దామని మెల్లగా అన్నది. ఇరవై ఏళ్ళపాటు నేను తినిపించిన మాటే నాకు తిరిగి వడ్డించినట్లయింది.

మధ్యాహ్నం బార్కాస్ వెళ్ళాము. చాంద్రాయణగుట్ట దాటాక వచ్చే ఆ బస్తీ పేరు బ్యారక్స్ అనే ఆంగ్ల పదం నుండి పుట్టినది. నిజాముల సైన్యంలో కొలువు చేసిన యెమనీ అరబ్బులు, ముఖ్యంగా హద్రమౌత్ ప్రాంతంవారు, అక్కడ స్థిరపడ్డారు. వారి సంతతి వారే నేటికీ అక్కడ అధికం. అక్కడి మందీ ప్రసిద్ధం. మసాలా తక్కువ. మాంసం పొయ్యిలో మగ్గి, దాని రసం బియ్యానికి పట్టి ఉంటుంది. పెద్ద పళ్ళెంలో అందరికీ కలిపి తెస్తారు. నేలమీద పరుపులు పరచి, చిన్న చిన్న అరలుగా విభజించి, ప్రతి అరకు తెర కట్టిన హోటళ్ళు అక్కడ ఉన్నాయి. తెర వేసుకున్నాక బయటివారి చూపు లోపలికి రాదు. స్త్రీలు నిఖాబు తొలగించి నిశ్చింతగా తినవచ్చు. ఇప్పుడు టోలిచౌకి వైపు కూడా ఇటువంటి మందీ హోటళ్ళు ఉన్నాయి. చదువులకై వచ్చిన అరబ్బు, ఆఫ్రికా దేశాల యువకులు ఆ ప్రాంతంలో కనిపిస్తారు.

మా ఇంటావిడ మొదటి ముద్ద నోట పెట్టుకుని ఆగింది. ఉప్పు ఎక్కువైనదేమోననుకున్నాను. “మీరంతా ఇంత వేడిగా తినేవారా?” అని అడిగింది. అందులో నిష్ఠూరం లేదు. నిజంగానే ఆమెకు అంతవరకు తెలియదు. నేను బదులు చెప్పలేక పళ్ళెంలోని మంచి ముక్కను ఆమె వైపు జరిపాను.

ఇక హలాల్ సంగతి. ఈ విషయంలో మనవారు రెండు విధాల పొరబడుతున్నారు. కొందరు ఏమీ అడగరు. మరికొందరు ముస్లిం సోదరుని హోటలులో కూర్చుని కూడా, కోసినదెవరు, ఎలా కోశారు, పేరు ఉచ్చరించారా లేదా అని వడ్డించే కుర్రవాణ్ణి నలుగురిలో నిలదీస్తారు. కొత్తగా ఇస్లాం స్వీకరించిన కొందరు మాంసం తెచ్చి ఇస్తున్నారు, వారు అల్లాహ్ పేరు పలికారో లేదో మాకు తెలియదని ప్రజలు అడిగినప్పుడు, మీరు అల్లాహ్ పేరు పలికి తినండని ప్రవక్త (స) సెలవిచ్చినట్లు హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖన బుఖారీలో ఉన్నది. ముస్లిముపై సద్భావమే మూలసూత్రం. స్పష్టమైన కారణం లేనిదే దానిని త్రోసిపుచ్చరాదు.

మన దేశంలో హోటళ్ళకు హలాల్ ధ్రువపత్రం ఇచ్చే ప్రభుత్వ సంస్థ ఏదీ లేదు. సింగపూరులో మూయిస్ సంస్థ 1978 నుండి ఆ పని చేస్తున్నది. మలేషియాలో జాకిమ్ ఉన్నది. మన దగ్గర జమీఅతె ఉలమాయె హింద్ హలాల్ ట్రస్టు వంటి స్వచ్ఛంద సంస్థలు ఇచ్చే పత్రాలే ఆధారం. అనేక హోటళ్ళలో అవి కూడా ఉండవు. గోడమీద ‘హలాల్’ అన్న పలక యజమాని నోటిమాట వంటిదే. సింగపూరు, కౌలాలంపూరులలో ఉద్యోగాలు చేస్తూ సెలవులకు వచ్చే మన పిల్లలు ఇక్కడ కూడా ఆ ముద్ర కోసం వెదకి, కనిపించకపోతే తాతగారు నలభై ఏళ్ళుగా తిన్న చోట తినమని మొరాయిస్తున్నారు. ముద్ర ఉంటే మంచిదే. లేనంత మాత్రాన ఆహారం హరామ్ కాదు.

ముస్లిమేతర సోదరుల హోటలులో మాంసం తినవలసి వస్తే అడగాలి. గల్లా దగ్గరకు వెళ్ళి, మాంసం ఎక్కడినుండి తెస్తారని మర్యాదగా అడగండి. హైదరాబాదులో ఇది ఎవరికీ వింత ప్రశ్న కాదు. ఫలానా ముస్లిం కసాయి వద్దనుండి తెచ్చామని అతడు చెబితే ఆ మాట చెల్లుతుందా? చెల్లుతుంది. ముస్లిం కాని పనివాణ్ణి మాంసం కొనుక్కురమ్మని పంపితే, ముస్లిము వద్దనో గ్రంథప్రజల వద్దనో కొన్నానని అతడు చెప్పిన మాటను స్వీకరించి తినవచ్చునని ‘హిదాయా’లో స్పష్టంగా ఉన్నది. మదరసాలో చదివిన ప్రతివాడూ ఈ మసలా చదివినవాడే. హోటలులో గొంతు పెంచేటప్పుడు మాత్రం అది గుర్తుకు రాదు. అడిగినా సరైన జవాబు రాకపోతే శాకాహారం తెప్పించుకోండి, వాదించకండి.

శాకాహారమంటే గుర్తుకు వచ్చింది. ఆబిడ్స్‌లోని తాజ్‌మహల్ హోటలు దశాబ్దాలుగా శాకాహారానికి పేరుపొందినది. చిన్నపిల్లలు, వృద్ధులు వెంట ఉన్నప్పుడు కాళ్ళు చాపి కూర్చునే వీలు అటువంటి చోట్లనే దొరుకుతుంది. చార్మినారుకు దగ్గరలో గుల్జార్ హౌజ్ వద్ద తెల్లవారుజామున బండిమీద వెన్నదోసెలు వేస్తారు. నిలబడి తినాలి గనుక నిఖాబు ధరించేవారికి కష్టం. పొట్లం కట్టించుకుని కారులోనో ఆటోలోనో తినవచ్చు. ఆ ఒక్కచోట పార్సిల్‌కు నేను అడ్డు చెప్పను, వేడి చల్లారకముందే అయిపోతుంది. సాయంత్రం 1935 నాటి మొజంజాహీ మార్కెట్టులో ఐస్‌క్రీమ్ తినిపించండి. ఆ రాతికట్టడం ముంగిట బయటనే కుర్చీలు వేస్తారు, కుటుంబాలు నిండుగా ఉంటాయి. ఆ ప్రాంతంలోనే ఉన్న కరాచీ బేకరీ దేశవిభజన సమయంలో సింధు నుండి తరలివచ్చిన హిందూ సోదరుడు స్థాపించినది. ఇంటికి తీసుకువెళ్ళే బిస్కట్లు అక్కడ కొనుక్కోవచ్చు.

బంజారా హిల్స్, జూబ్లీ హిల్స్ వైపు చైనా, జపాను, ఇటలీ వంటకాల హోటళ్ళు ఉన్నాయి. యువతరం అటే లాగుతుంది. అక్కడ మాంసం హలాల్ అయినంత మాత్రాన సరిపోదు. కొన్ని చైనా, జపాను వంటకాలలో మద్యం పోస్తారు, ఇటలీ రసాలలో ద్రాక్షమద్యం కలుపుతారు, కొన్ని మిఠాయిలలో జెలటిన్ ఉంటుంది. వంటకం పేరు చెప్పి, ఇందులో మద్యం ఉన్నదా అని సూటిగా అడగాలి. సిర్కా విషయమై చాలామంది అనవసరంగా భయపడుతున్నారు. అది ధర్మసమ్మతం. ప్రవక్త (స) దానిని మెచ్చుకున్నారు కూడా. మద్యం వడ్డించే బల్లవద్ద విశ్వాసి కూర్చోరాదన్న హదీసు తిర్మిజీలో ఉన్నది. మన బల్లమీద లేదు కదా, ప్రక్క బల్లమీద ఉంటే ఏమని కొందరు తర్కిస్తారు. నా మాట ఒక్కటే. నాలుగు అడుగులు వేస్తే మద్యం లేని హోటలు దొరికే నగరంలో, పిల్లలను తీసుకువెళ్ళి ఆ దృశ్యం ముందు కూర్చోబెట్టవలసిన అగత్యం ఏమున్నది?

రమజానులో వెళ్ళేవారికి ఒక మాట. హైదరాబాదు హలీమ్‌కు 2010లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ నెలలో తరావీహ్ తరువాత నగరమంతా దానికోసం బారులు తీరుతుంది. ఆ బారులో మగవారు నిలబడి, ఆడవారిని వాహనంలో కూర్చోబెట్టడం ఆనవాయితీ. స్త్రీలు కూర్చునే చోటు ఎక్కడున్నదో ముందురోజే తెలుసుకుని వెళ్ళండి.

ఆ సోదరికి నా జవాబు ఇది. అమ్మా, రొట్టెలు కట్టుకోవద్దు. మీ ప్రశ్నలోని హోటళ్ళు ఉన్నాయి. మీ వారు సరుకు కోసం వెళ్ళినప్పుడు ఒక గంట వెచ్చించి, తాము మెచ్చిన హోటలులో పై గది చూసి రమ్మనండి. బల్లలు శుభ్రంగా ఉన్నాయా, తెర ఉన్నదా, స్త్రీలకు వుజూకు నీళ్ళు, నమాజుకు చోటు దగ్గరలో ఉన్నాయా అని కళ్ళారా చూడమనండి. బయటి పలకను నమ్మి నేను ఏమయ్యానో పైన వ్రాశాను. మందీ తెప్పించుకునేటప్పుడు తలకు ఒకటి చొప్పున చెప్పవద్దు. ముందు తక్కువ చెప్పి, చాలకపోతే మళ్ళీ అడగండి. పళ్ళెంలో ఎవరి ముందున్నది వారు తినాలని పిల్లలకు నేర్పే అవకాశం కూడా అక్కడ దొరుకుతుంది. మిగిలితే కట్టించుకోవడానికి సిగ్గుపడకండి.

నహారీ మాత్రం ఉదయపు వంటకం. రాత్రంతా ఉడికి ఫజ్ర్ వేళకు సిద్ధమవుతుంది. పురానీ హవేలీ ప్రాంతంలో నాలుగు మూలల నాన్ వేడివేడిగా దొరుకుతుంది, దానికి అదే జోడు. పొద్దెక్కితే గిన్నె ఖాళీ. కనుక ముందు రాత్రే చేరుకుని పాతబస్తీలోనే బస చేయండి. మీ వారు దాని గురించి చెప్పినదంతా నిజమో కాదో మీరే చెప్పవచ్చు. నాకు మళ్ళీ ఒక ఉత్తరం వ్రాయండి.