పియానో ఎవరు మోస్తారు?

మా బ్యాండ్‌లో కీబోర్డు వాయించే అమ్మాయికి ఈ ఏడాది ఇంట్లో డిజిటల్ పియానో కొనిస్తామన్నారు. ఇంకేం, అందరం యూట్యూబ్ ముందు కూర్చున్నాం. ఏది గ్రాండ్ పియానోలా మోగుతుంది, దేంట్లో ఎన్ని టోన్లు ఉన్నాయి అని వారం రోజులు వాదించుకున్నాం. బరువు ఎంత అని మాత్రం ఎవరమూ అడగలేదు.

ఆ సంగతి మాకు ఆర్.కె. పురం క్వార్టర్ల మెట్లు నేర్పాయి. ఒక ప్రోగ్రాం కోసం సీనియర్ ఇంటి నుంచి పియానో అడిగి తెచ్చుకున్నాం. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. కవరు, స్టాండుతో కలిపి ఇరవై కిలోల దాకా ఉంది. మలుపు తిరిగిన ప్రతిసారీ ఒకరు గోడకి అతుక్కుపోవాల్సి వచ్చింది. మెట్రోలో సామాను కొలతలకు పరిమితి ఉంది, ఇదేమో 130 సెంటీమీటర్ల పైచిలుకు పొడవు. ఆటో ఎక్కిస్తే రెండు పక్కలా బయటికి వచ్చింది. దారి పొడుగునా తనే దాన్ని పట్టుకుని కూర్చుంది. స్టేజీ ఎక్కేసరికి చేతులు వణుకుతున్నాయి. మొదటి పాటలో తప్పులన్నీ ఆ చేతులవే. చూసినవాళ్లు మాత్రం ప్రాక్టీసు చాలలేదన్నారు.

అప్పటి నుంచి మా అభిప్రాయం ఒకటే: వాయించేవాళ్లు ఒక్కరే ఎత్తి ఒక అంతస్తు దింపగలిగిన పియానోనే కొనాలి. మా లెక్కలో అది పన్నెండు కిలోల లోపు.

బరువు ఎందుకు వస్తుందో కూడా తెలుసుకున్నాం. అసలు పియానోలో మెట్టు నొక్కితే (హార్మోనియం కీలను మనం మెట్లనే అంటాం కదా) లోపల సుత్తి లేచి తీగను కొడుతుంది. డిజిటల్ పియానోలో తీగలు ఉండవు కానీ, వేలికి ఆ బరువు తెలియాలని 88 మెట్ల కిందా చిన్న సుత్తుల్లాంటివి పెడతారు. మన ఇళ్లలో ఏ కంపెనీదైనా ‘క్యాసియో’ అని పిలిచే 61 మెట్ల కీబోర్డులో స్ప్రింగులే ఉంటాయి. అందుకే అది ఐదు కిలోల దగ్గర ఆగుతుంది.

మరి ఆ ఐదు కిలోలదే కొంటే సరిపోదా? స్టేజీకి నిజంగా సరిపోతుంది. బ్యాండ్‌లో కింది స్వరాలు బేస్ గిటార్ చూసుకుంటుంది. పియానో ఎడమ చెయ్యి కూడా అక్కడే తిరిగితే పాట బురద బురదగా వినిపిస్తుంది. మేం చాలాకాలం అదే తప్పు చేశాం. కానీ స్ప్రింగు మెట్ల మీదే నేర్చుకున్న వేళ్లు అసలు పియానో ముందు త్వరగా అలిసిపోతాయి. ప్రాక్టీసుకొకటి, స్టేజీకొకటి అని మన ఇళ్లలో రెండు కొనరు. కాబట్టి సుత్తులున్న 88 మెట్లదే కావాలి, అదీ తేలికగా ఉండాలి.

అలాంటివి ఉన్నాయి. క్యాసియో పీఎక్స్-ఎస్1100 బరువు 11.2 కిలోలు, యమహా పీ-225 బరువు 11.5 కిలోలు. రోలాండ్ ఎఫ్‌పీ-30ఎక్స్ మా చెవులకు ఇంకా బాగుంది కానీ 14.8 కిలోలు. మూడున్నర కిలోలే కదా తేడా అనేవాళ్లు మూడో అంతస్తు నుంచి ఒకసారి దింపి చూడాలి. రోలాండ్ గో పియానో 88 ఏడు కిలోలే కానీ దాంట్లో సుత్తులు లేవు.

ఇంకొకటి, వెనక రంధ్రాలు చూడండి. డ్రమ్స్ మొదలయ్యాక పియానో సొంత స్పీకర్లు ఎవరికీ వినపడవు, హాలు మిక్సర్‌కి కలపాల్సిందే. యమహా పీ-45, రోలాండ్ ఎఫ్‌పీ-10 లాంటివాటిలో విడిగా లైన్ అవుట్ లేదు, హెడ్‌ఫోన్ రంధ్రం నుంచే తీసుకోవాలి. పైన చెప్పిన క్యాసియో, యమహాల్లో అది విడిగా ఉంది. ఆ క్యాసియో ఆరు పెన్సిల్ సెల్స్‌తో కూడా నడుస్తుంది. ప్లగ్ దొరకని మైదానంలో అది చిన్న విషయం కాదు.

తేలిక పియానో సన్నని స్టాండు మీద ఊగుతుందని కొందరు అంటారు. నిజమే, ఊగుతుంది. మంచి స్టాండు కొనుక్కోవాలి.

బరువైనది, మంచిది స్కూలే కొని మ్యూజిక్ రూములో పెడితే పోలా అని మాలోనే ఒకరు అన్నారు. అసెంబ్లీకి, వార్షికోత్సవానికి అది బాగానే ఉంటుంది. కానీ మనలో ఎక్కువమందిమి ఇప్పటికే రెండు మూడు స్కూళ్లు మారినవాళ్లం. తను విశాఖపట్నంలో టీచరుగారింట్లో అప్‌రైట్ పియానో మీద నేర్చుకుంది. అది రెండు వందల కిలోల పైమాటే. నాన్నగారికి ఢిల్లీ బదిలీ అయింది, పియానో అక్కడే ఉండిపోయింది. ఆ తర్వాత రెండేళ్లు తను మెట్టు ముట్టలేదు. ఆసక్తి పోయిందని ఇంట్లో అనుకున్నారట. పోయింది ఆసక్తి కాదు, వాయించడానికి ఎదురుగా ఏమీ లేదు, అంతే. లారీలో ఫ్రిజ్ వస్తుంది, కూలర్ వస్తుంది, సైకిల్ కూడా వస్తుంది. పిల్లలు నేర్చుకున్నది రాకపోతే ఎవరికీ గుర్తుండదు.

మొన్న దరియాగంజ్‌లో వాద్యాల కొట్టుకి వెళ్లాం. తను వాయించి చూడకుండానే ముందు పియానోని చంకలో ఇరికించుకుని కొట్టు చివరిదాకా నడిచి వచ్చింది. కొట్టు ఆయన నవ్వాడు. తర్వాత స్టూలు లాగి, “ఇప్పుడు వాయించు బేటా” అన్నాడు.

నాన్నగారి ఆర్డరు ఈ మే, జూన్‌లలో రావచ్చంటున్నారు. వస్తే ఆ పియానో తనతోనే వెళ్తుంది, మా బ్యాండ్‌కి మళ్లీ పాత కీబోర్డే మిగులుతుంది. అది తెలిసే, తేలికదే కొనుక్కోమని నలుగురమూ చెప్పాం.