గడ్డి ఎవరికి దక్కింది?

మా ఫూఫీ ఇంట్లో రెండు గేదెలు. బోరు కాలువ వెంట కో-4 గడ్డి కణుపులు నాటింది. 70 రోజులు దాటాక మొదటి కోత, ఆపైన 45 రోజులకోసారి. విత్తనం ఖర్చు లేదు, పొరుగువాళ్లు నాలుగు కణుపులిస్తే చాలు. బర్కత్ ఉన్న గడ్డే, ఇన్‌కార్ చేయను.

సర్వేకొచ్చిన సాబ్‌లు మాత్రం ఫూఫాను అడిగి, "రైతు సాగు చేస్తున్నాడు" అని రాసుకుని పోయారు. ఫజర్ కాగానే కొడవలి పట్టేదెవరు? పాల పైసలు ఎవరి చేతికొస్తున్నాయి? ఈ సవాల్‌కు కాగితంలో ఖానాయే లేదు. నా ఖయాల్‌లో ముందు అడగాల్సింది అదే.

పక్కింటి ఖాలాకు ఆరు మేకలున్నాయి, జమీన్ లేదు. ఆమె గడప ఎవరూ తొక్కలేదు. ఇప్పటికీ చెరువుగట్టున తుమ్మకాయలు ఏరుకొస్తోంది.