టీకాకున్న పట్టింపు బస్సుకూ కావాలి
యాత్రికుల ప్రాణం కోసం ఎంత కఠినంగా ఉండవచ్చో కరోనా కాలంలో సౌదీ అరేబియా చూపింది. 2020 ఫిబ్రవరిలో విదేశీయుల ఉమ్రా యాత్రను ఆపేసింది. 2021 హజ్‌కు దేశంలోనే ఉంటున్న, టీకా వేసుకున్న 60 వేల మందినే అనుమతించింది. 2022లో 65 ఏళ్లు దాటినవారిని రావద్దంది. ఆ పట్టుదల రోడ్డు మీదా కనిపించాలి. 2023 మార్చిలో అసీర్ కొండదారిలో ఉమ్రా బస్సు దగ్ధమై 20 మంది చనిపోయారు. 2025 నవంబరులో మదీనా దగ్గర ఉమ్రా యాత్రికుల బస్సు, ట్యాంకర్ ఢీకొని హైదరాబాద్ కుటుంబాల్లో తీరని శోకం మిగిలింది. మెనింజైటిస్ టీకా లేనిదే హజ్‌కు రానివ్వనప్పుడు, డ్రైవర్‌కు తగిన నిద్ర, ప్రతి సీటుకూ బెల్టు, తెరుచుకునే అత్యవసర ద్వారం ఉన్నాయని తేలనిదే బస్సునూ కదలనివ్వకూడదు. మన ట్రావెల్స్ వారిని ప్యాకేజీ ధర కంటే ముందు ఈ మూడూ అడగాలి. రోగమైనా రోడ్డైనా పోయే ప్రాణం ఒక్కటే.