అయిదు వాట్ల చలికాలం

జనవరిలో ఉదయం 5.30కి హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ మేడ ఎక్కేవాళ్లు ఇద్దరే. ఒకరు ట్యాంకు నిండిందో లేదో చూసుకునే వాచ్‌మన్. రెండోవారు తక్కువ పవర్‌తో రేడియో నడిపే హామ్, అంటే అమెచ్యూర్ రేడియో ఆపరేటర్.

తలకు మంకీ క్యాప్, భుజాన శాలువా, పక్కన టీ ఫ్లాస్కు. ఎదురుగా టిఫిన్ డబ్బా అంత రేడియో సెట్టు, చిన్న బ్యాటరీ, మోర్స్ కొట్టే కీ. ట్యాంకు పైపు నుంచి లిఫ్టు గది దాకా సుమారు 20 మీటర్ల రాగి తీగ. 7 మెగాహెర్ట్జ్‌కు ఆ నిడివి కావాలి. దాన్ని దండెం అనుకుని ఎవరైనా తువ్వాలు ఆరేసినా వాళ్ల తప్పేమీ లేదు. సంభాషణలు రాసుకునే లాగ్ పుస్తకంలో తేదీ మారేదీ ఆ 5.30కే. ప్రపంచంలో హామ్‌లందరూ ఒకే గడియారాన్ని, యూటీసీని, పాటిస్తారు. ఆ లెక్కన అర్ధరాత్రి అయ్యేసరికి మనకు తెల్లవారుజాము 5.30. ఇల్లంతా దుప్పట్లో ఉండగానే ఆయనకు కొత్త పేజీ మొదలు.

ఇలా తక్కువ పవర్‌తో రేడియో నడపడాన్ని హామ్‌లు క్యూఆర్‌పీ అంటారు. మోర్స్ అయితే 5 వాట్లు, మాటలైతే 10 వాట్లు, అది దాటకూడదు. మామూలు హామ్ సెట్టు 100 వాట్లు వదులుతుంది. అందులో ఇరవయ్యో వంతుతో ఏం సాధిస్తారన్నది సహజమైన సందేహమే. కానీ లెక్క వేస్తే ఆ తేడా 13 డెసిబెల్స్. అవతలివాళ్ల మీటరు మీద అది రెండు గీతల పైచిలుకు, అంతే. అవతల రొద తక్కువగా ఉంటే ఆ రెండు గీతలు లేకపోయినా పని జరిగిపోతుంది.

ఆ రొద తగ్గేది చలికాలంలోనే. మెరుపు మెరిసినప్పుడు వెలుగుతో పాటు రేడియో తరంగాలూ పుడతాయి. ఎక్కడో వందల కిలోమీటర్ల దూరాన పడ్డ పిడుగు కూడా హెడ్‌ఫోన్లో చిటపటమంటుంది. ఏప్రిల్, మే నెలల్లో క్యుములోనింబస్ మేఘాలు కమ్మితే 7 మెగాహెర్ట్జ్‌పై సన్నటి సిగ్నల్ వినడం జాతరలో గుసగుస వినడమే. డిసెంబరు, జనవరిలో ఆ గోల అణిగిపోతుంది. రాత్రి కూడా దాదాపు 13 గంటలు. పగటి ఎండకు ఆకాశంలో 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తున ఏర్పడే డీ పొర తక్కువ ఫ్రీక్వెన్సీలను మింగేస్తుంది. రాత్రయితే అది కరిగిపోయి, పైనున్న ఎఫ్ పొర సిగ్నల్‌ను దూరదేశాలకు తిప్పి పంపుతుంది. పైగా చలికి ఏసీలు ఆగిపోతాయి కాబట్టి వాటి ఇన్వర్టర్లు చేసే రొద కూడా ఉండదు.

మన మంకీ క్యాప్ చలిని చూసి అమెరికా హామ్‌లు నవ్వుకోవచ్చు. అక్కడ జనవరి చివరి వారాంతంలో వింటర్ ఫీల్డ్ డే పేరుతో మంచులో గుడారాలు వేసి రేడియోలు నడుపుతారు. అరిజోనాలోని తక్కువ పవర్ హామ్‌ల బృందం పెట్టిన పోటీలో అయితే ఎంత చలిలో కూర్చుంటే పాయింట్లు అంతగా పెరుగుతాయి.

చలికాలానికి, రేడియోకు ఈ చుట్టరికం పాతదే. 1901 డిసెంబరు 12న మార్కోని న్యూఫౌండ్‌లాండ్‌లోని సిగ్నల్ హిల్‌పై, ఈదురుగాలిలో గాలిపటం ఎగరేసి దానికి కట్టిన తీగతోనే ఇంగ్లండ్ నుంచి వచ్చిన మూడు చుక్కలు విన్నానన్నాడు. అటువైపు పంపిన యంత్రం మాత్రం కిలోవాట్ల లెక్కది.

ఆ కథ చాలామందికి తెలుసు. ఇదే హైదరాబాద్‌లో పుట్టి ప్రపంచమంతా తిరిగిన రేడియో కథే మనకు తెలియదు. లామకాన్ సాంస్కృతిక కేంద్రం స్థాపకుల్లో ఒకరిగా హైదరాబాదీలు ఎరిగిన అష్హర్ ఫర్హాన్ 2003లో బిట్‌ఎక్స్ అనే డిజైన్‌ను అందరికీ ఉచితంగా ఇచ్చారు. 14 మెగాహెర్ట్జ్‌పై మాట్లాడే 6 వాట్ల సెట్టు అది. విదేశీ రేడియో కొనలేనివారు ఇంట్లోనే కూర్చుని తయారుచేసుకోవాలన్నది ఆయన ఉద్దేశం. అందుకే దొరకని ప్రత్యేక రింగుల బదులు కుళాయిల్లో వేసే నైలాన్ వాషర్లకు తీగ చుట్టమన్నారు. తర్వాత వచ్చిన బిట్‌ఎక్స్40 బోర్డులకు కాయిల్స్ చుట్టింది ఇక్కడి మహిళల బృందమే. అవి దేశదేశాలకు వెళ్లాయి.

ఆ కాయిల్ చుట్టడం చలికాలపు సాయంత్రాలకు తగిన పని. రింగు కన్నంలోంచి తీగ ఒకసారి దూరితే ఒక చుట్టు. లెక్క తప్పితే మళ్లీ మొదటికే. చివర్న ఎనామిల్‌ను బ్లేడుతో గీకకపోతే సోల్డర్ అంటుకోదు, పైకి అంతా బాగానే కనిపిస్తుంది, సెట్టు మాత్రం పలకదు. ఆ ఒక్క గీకుడు మరిచిపోయి మూడు రాత్రులు వెతుక్కున్నవాడికి సర్క్యూట్ అంటే ఏమిటో జన్మలో మరిచిపోలేని పాఠం. ఈసీఈ చదివే పిల్లలు మాడ్యులేషన్‌పై పది మార్కుల జవాబు గడగడా రాసేస్తారు. అది చెవిన పడేది ఎందరికి?

వాట్సాప్ ఉండగా ఇదంతా ఎందుకని అడిగేవారికి సాధారణంగా 2004 డిసెంబరును గుర్తుచేస్తారు. హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ బృందం పోర్ట్‌బ్లెయిర్‌లో ఉండగానే 26న సునామీ వచ్చింది. హాబీ కోసం పెట్టిన స్టేషన్ బాధితుల కబుర్లు చేరవేసే స్టేషన్ అయింది. అది తక్కువ పవర్ కథ కాదు. అయినా కరెంటు, టవర్లు పోయిన రోజున చిన్న బ్యాటరీతో, బలహీనమైన సిగ్నల్‌తో పని చక్కబెట్టగలిగేది ఎవరు? రోజూ చలిలో కూర్చుని ఆ పనే చేసినవారు. ఆ అలవాటు విపత్తు వచ్చిన రోజున రాదు.

అందుకు కావలసినవి పెద్ద ఖర్చులేమీ కావు. 12 ఏళ్లు నిండినవారెవరైనా కేంద్రం నిర్వహించే పరీక్ష రాసి లైసెన్సు తీసుకోవచ్చు. ప్రతి ఇంజినీరింగ్ కాలేజీలో ఒక చిన్న సెట్టు, ఒక తీగ, పరీక్షకు పిల్లల్ని సిద్ధం చేసే ఒక లెక్చరర్ ఉంటే చాలు. డిష్ యాంటెన్నాలకు, దండేలకు చోటిచ్చే అపార్ట్‌మెంట్ సంఘాలు లైసెన్సున్న హామ్ కట్టుకునే 20 మీటర్ల తీగకు అడ్డు చెప్పకూడదు. ‘రేడియేషన్’ అంటూ భయపడేవారు గుర్తుపెట్టుకోవలసిన అంకె 5 వాట్లు.

పొద్దెక్కితే దూరపు సిగ్నళ్లు ఒక్కొక్కటే సన్నగిల్లుతాయి. తెలవారని యూరప్ నుంచి ఎవరో బదులిస్తారు, వారి గుర్తింపు పేరు (కాల్‌సైన్) సగమే వినిపిస్తుంది, మళ్లీ అడగాలి. మూడోసారికి పూర్తవుతుంది. సిగ్నల్ రిపోర్టు 339, అంటే కష్టపడి వింటున్నానని. చివర్న 73, అంటే శుభాకాంక్షలు. లాగ్‌లో అలాంటి వరసలు రెండు పడితే ఆ పూటకు చాలు. సంక్రాంతి రోజుల్లో మాంజా చుట్టుకోకముందే తీగ విప్పేయాలి. దాన్ని మోచేతికి చుట్టుకుంటూ దిగుతుంటే మెట్ల మీద చరఖాలతో పిల్లలు ఎదురవుతారు.

“అంకుల్, మీ మాంజా అంత లావా?”