‘ఐ షల్’ ఫికర్ వదలండి

మన మొహల్లాల్లో ఏ ట్యూషన్ ముందు నిలబడినా ఈ సబఖ్ వినిపిస్తుంది: ‘ఐ షల్ గో, వి షల్ గో, యు విల్ గో, హి విల్ గో, షి విల్ గో.’ పిల్లలు రాగం తీసి మరీ యాద్ చేస్తారు. పరీక్షలో మార్కులూ వస్తాయి. అదే పిల్లల్ని ‘రేపు ఏం చేస్తావు బేటా?’ అని ఇంగ్లీషులో అడిగి చూడండి. ‘ఐ’ దగ్గరే ఆగిపోతారు. షల్ అనాలా, విల్ అనాలా అని లోపల ఖౌఫ్.

ఈ ఖౌఫ్ బేకార్ అని నా రాయ్.

నేను, మేము అంటే షల్, మిగతా అందరికీ విల్ అనే ఖాయిదా పాతది. జాన్ వాలిస్ అనే రియాజీ పండితుడు 1653లో లాటిన్‌లో రాసిన ఇంగ్లీషు వ్యాకరణంలో అది ఉంది. ఈరోజు మామూలు మాటల్లో అందరికీ విల్ ఒక్కటే చాలు. అదీ పూర్తిగా పలకరు: ఐల్, యూల్, హీల్, షీల్, వీల్, దేల్. షల్ మిగిలింది ముఖ్యంగా రెండు చోట్ల. ఒకటి, సలహా అడిగేటప్పుడు: ‘షల్ ఐ ఓపెన్ ద డోర్?’, ‘షల్ వి గో?’ రెండోది కానూన్‌లో. మన రాజ్యాంగం ‘స్టేట్ షల్ నాట్’ అన్నప్పుడు అది రేపటి ఖబర్ కాదు, హుకుం.

అసలు చూస్తే మనకు తెలిసిన మూడు జబాన్లలో రేపటి మాటకు ఇంగ్లీషే ఆసాన్. ఉర్దూలో అబ్బాయి ‘జాఊంగా’ అంటాడు, అమ్మాయి ‘జాఊంగీ’ అంటుంది. తూ జాయేగా, తుమ్ జావోగే, ఆప్ జాయేంగే... మనిషి ఇజ్జత్‌ని బట్టి క్రియ మారుతుంది. తెలుగులో వెళ్తాను, వెళ్తావు, వెళ్తారు, వెళ్తాడు, వెళ్తుంది. ఇన్ని తోకలు తప్పు లేకుండా తిప్పే పిల్లలకి ఒక్క విల్ ఎందుకు ముష్కిల్?

ముష్కిల్ వేరే చోట ఉంది, గైడ్లు దాన్ని సరిగా చెప్పవు. తెలుగులో తోకే మనిషిని చెప్పేస్తుంది కాబట్టి ‘నేను’ అనక్కర్లేదు. ‘రేపు వస్తా’ అంటే చాలు. దాన్నే పిల్లలు ‘టుమారో విల్ కమ్’ అంటారు. దాని మతలబ్ ‘రేపు అనే రోజు వస్తుంది’ అని! ఇంగ్లీషులో ‘ఐ’ వదిలితే వచ్చేవాడు ఎవరో తెలియదు.

ఇంకొకటి. ‘వస్తాను’ అన్న ఒక్క మాటతో మనం అన్నీ నడిపిస్తాం. దక్కనీలోనూ అంతే, ‘కల్ ఆతూఁ’ అంటే అయిపోయింది. ఇంగ్లీషు మాత్రం నీ మనసులో ఏముందో అడుగుతుంది. అప్పటికప్పుడు చేసిన ఫైసలా, ఇచ్చిన వాదా అయితే విల్: ఫోన్ మోగింది, ‘ఐల్ టేక్ ఇట్’. ముందే ఉన్న ఇరాదా అయితే గోయింగ్ టు: ‘ఐ యామ్ గోయింగ్ టు లెర్న్ నర్సింగ్’. ఎదుటివాళ్లతో తయ్ అయిపోయిందంటే: ‘ఐ యామ్ మీటింగ్ ద డాక్టర్ టుమారో’. రైలు టైమ్‌టేబుల్ అయితే మామూలు వర్తమానమే: ‘ద ట్రైన్ లీవ్స్ యట్ సిక్స్’. ఫైసలా, ఇరాదా, తయ్. మన ఇళ్లలో రోజూ తిరిగే లఫ్జులే. వీటితో చెబితే పదేళ్ల బచ్చీకి కూడా సమఝ్ అవుతుంది.

లేదు, చేయను అనడానికి ‘వోంట్’. దాన్ని ‘వాంట్’ అని పలికితే మతలబ్ ఉల్టా. ఒకటి ఇన్‌కార్, ఇంకొకటి కోరిక. నౌకరీ ఇంటర్వ్యూలో ఈ రెండూ కలిసిపోతే నష్టం మన పిల్లలకే.

దీన్ని గ్రామర్ ముచ్చట అని తేలిగ్గా తీసుకోకండి. ఆస్పత్రిలో, షోరూమ్‌లో, కాల్ సెంటర్‌లో, గల్ఫ్ కంపెనీ వాళ్ల ముందు, ఎక్కడైనా అడిగే సవాళ్లలో సగం రేపటివే. ఎప్పుడు చేరతావు? నైట్ షిఫ్ట్ చేస్తావా? అయిదేళ్లలో ఏం అవుతావు? మన అమ్మాయిలకి హునర్ ఉంది, జవాబూ ఉంది. షల్, విల్ తరాజులో తూచుకుంటూ చుప్ అయిపోతే ఆ కుర్చీ ఇంకొకరిదవుతుంది.

ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు ఇన్షాఅల్లాహ్ అనాలా అని కూడా కొందరు శరమ్ పడతారు. సూరా కహఫ్‌లో 23, 24 ఆయతులు ఈ సంగతే చెబుతాయి: రేపు ఈ పని చేస్తానని, అల్లాహ్ తలిస్తే అని చేర్చకుండా అనవద్దని. ‘ఐల్ కమ్ టుమారో, ఇన్షాఅల్లాహ్’ అనండి, అందులో తప్పేం లేదు. కానీ ముందు ‘ఐల్ కమ్’ అని సాఫ్‌గా చెప్పాలి. రాకుండా తప్పించుకోవడానికి ఇన్షాఅల్లాహ్‌ని పరదాలా వాడకూడదు.

అమ్మీలకు, అబ్బాలకు నా గుజారిష్ ఒకటే. రాత్రి దస్తర్‌ఖాన్ మీద కూర్చున్నప్పుడు ఒక్కో బచ్చాతో రేపటి గురించి మూడు జుమ్లాలు చెప్పించండి: ఒక ఫైసలా, ఒక ఇరాదా, ఒక తయ్ అయిన పని. గల్తీ వస్తే నవ్వకండి. షల్ అన్నా కొట్టేయకండి, అది తప్పు కాదు, పాతబడిందంతే. నోరు తెరవడం ముఖ్యం.